డ్రైవింగ్ పరీక్ష భయం: మన ఘర్కుల్ కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

మా సంఘం ఆఫీసుకు ఫారాలు నింపించుకోవడానికి వచ్చేవారిలో ఈ మధ్య డ్రైవింగ్ లైసెన్సు పని మీద వచ్చేవారు పెరిగారు. ఫారం నింపడం పది నిమిషాల పని. అది అయిపోయినా చాలామంది లేచి వెళ్లరు. అలాగే కూర్చుని, "కాకా, పరీక్ష ఎట్లుంటది? సాహెబు కోపం చేస్తడా? కాలు కింద పెడితే ఫెయిలేనా?" అని అడుగుతారు. అడిగేవారిలో ఎక్కువ మందికి బండి రాక కాదు. ఏళ్ల తరబడి విడీ ఘర్కుల్ గల్లీల్లో నడుపుతున్నవారే. అయినా పరీక్ష పేరు చెప్తే చేతులు చల్లబడతాయి.

ఒక్కొక్కరికి విడివిడిగా చెప్తూ వచ్చిన సంగతులను ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాము. ఇంట్లో ఎవరైనా పరీక్షకు వెళ్తుంటే ముందు వారితో చదివించండి. చదవడం రానివారికి పిల్లలు చదివి వినిపించండి.

బండి మనకు ఎందుకు అవసరమైంది

మన పెద్దలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మగ్గం పని కోసం షోలాపూర్ వచ్చి స్థిరపడ్డారు. మగవారు మగ్గాల మీద, ఆడవారు ఇంట్లో చాట ముందు పెట్టుకుని బీడీల మీద బతుకు వెళ్లదీశారు. ఆ రోజుల్లో ఇల్లు, కార్ఖానా, బజారు అన్నీ కాలినడక దూరంలోనే ఉండేవి. బీడీ కార్మికుల కోసం గోదూతాయి పరుళేకర్ పేరు మీద 10 వేల ఇళ్లు కట్టి, 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా అందజేశాక మన కుటుంబాలకు సొంత కప్పు దొరికింది. దానితో పాటు దూరం కూడా వచ్చింది. కాలేజీకి, దవాఖానాకు, మార్కెట్‌కు, పాత వాడలోని చుట్టాల ఇంటికి దేనికి పోవాలన్నా ఊళ్లోకి పోవాల్సిందే.

మన వైపు ఉన్న హైదరాబాద్ రోడ్డు మామూలు రోడ్డు కాదు. పుణె నుంచి షోలాపూర్, హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి. రాత్రీ పగలూ లారీలు తిరుగుతాయి. ఆ రోడ్డు మీద మన ఆడబిడ్డలు, కోడళ్లు స్కూటర్లు నడుపుతున్నారు. అందుకే లైసెన్సు విషయం ఇంటింటికీ సంబంధించినది.

పరీక్షను వాయిదా వేస్తే ఏమవుతుంది

భయపడేవారు పరీక్ష తప్పినందువల్ల నష్టపోవడం తక్కువ. పరీక్షకే వెళ్లకపోవడం వల్ల నష్టపోతారు. "పండగ తరువాత పోతా", "పెండ్లి అయినంక పోతా" అంటూ ఏళ్లు గడుస్తాయి. బండి మాత్రం రోజూ నడుస్తూనే ఉంటుంది.

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం లైసెన్సు లేకుండా రోడ్డు మీద బండి నడపడం నేరం. 2019 సవరణ తరువాత దీనికి 5,000 రూపాయల జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు లేనివారికి బండి ఇచ్చిన యజమాని కూడా శిక్షకు లోబడతాడు. పద్దెనిమిది నిండని పిల్లలు నడిపి తప్పు జరిగితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు ఉన్నాయి. "పదహారు నిండినయి కదా" అని కొందరు అంటారు. పదహారేళ్లకు ఇచ్చే లైసెన్సు 50 సీసీ లోపు గేర్లు లేని బండికి మాత్రమే. ఇప్పుడు మన ఇళ్ల ముందు నిలబడే స్కూటర్లు 110, 125 సీసీవి. వాటికి 18 నిండాలి.

జరిమానా కంటే పెద్ద దెబ్బ బీమా విషయంలో తగులుతుంది. ప్రమాదంలో ఎదుటివారికి దెబ్బ తగిలితే, నడిపినవారికి లైసెన్సు లేదన్న కారణం చూపి బీమా కంపెనీ బాధ్యత తప్పించుకోజూస్తుంది. కోర్టు బాధితుడికి ముందు కంపెనీ చేత డబ్బు ఇప్పించినా, ఆ డబ్బును బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని చెప్పే సందర్భాలు ఉన్నాయి. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి కూలి తెచ్చుకునే ఇంటికి అది ఏళ్ల తరబడి తీరని అప్పు. మాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాంటి కేసులో చిక్కి, కూతురి పెళ్లికి దాచిన సొమ్ము కరిగించుకుంది. బండి నడిపిన అబ్బాయికి నడపడం బాగానే వచ్చు. పరీక్షకు పోవడానికి మాత్రం మూడేళ్లు జంకాడు.

భయం వల్ల వచ్చే రెండో నష్టం "పరీక్ష లేకుండా ఇప్పిస్తాం" అనే మాట. భయపడినవారికే ఈ మాట తియ్యగా వినిపిస్తుంది. అది లంచం దారి. అడిగినవారూ ఇచ్చినవారూ ఇద్దరూ ఇరుక్కుంటారు. పైగా లారీ పక్కన బండి తిప్పాల్సి వచ్చినప్పుడు డబ్బు పెట్టి కొన్న కాగితం తిప్పదు.

అసలు భయం దేని మీద

మేము ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తా ఉద్యోగం చేశాము. అంటే టేబుల్‌కు అవతలి వైపు కూర్చున్నాము. ఇవతల నిలబడినవారి చేతిలో కాగితం వణకడం రోజూ చూశాము. వారు మా ముఖం చూసి కోపంగా ఉన్నామనుకునేవారు. మేమేమో మధ్యాహ్నం లోపల ఈ వరుస తెగుతుందా లేదా అని ఆలోచిస్తూ ఉండేవాళ్లం. ట్రాక్ దగ్గర నిలబడిన ఇన్‌స్పెక్టర్ సంగతీ అంతే. ఆయన ముందు ఆ రోజు చాలామంది ఉంటారు. మీ ఇల్లు, మీ చదువు, మీ మరాఠీ యాస ఆయనకు లెక్కలో ఉండవు. బండి గీత దాటిందా, సిగ్నల్ ఇచ్చారా, ఆపమన్నచోట ఆపారా, ఇవే చూస్తాడు.

మేము కూడా మొదటిసారి మోటారు సైకిల్ పరీక్షకు వెళ్లినప్పుడు తప్పాము. సైకిల్ తొక్కినంత సులువుగా బండి నడిపేవాళ్లం. కాని నలుగురు చూస్తున్నారన్న తలంపుతో ముందు చక్రం వైపే చూస్తూ ఎనిమిది అంకె మొదటి మలుపులోనే కాలు కింద పెట్టాము. అందువల్ల మాకు అర్థమైనది ఏమిటంటే, ఈ భయం బండిది కాదు. ఆఫీసుది, ఎదుటివారి చూపుది, తెలియని తంతుది. కాబట్టి మందు కూడా అక్కడే ఉంది: జరగబోయేది వరుసగా ముందే తెలిసి ఉండాలి, నలుగురి చూపు కింద ముందే అలవాటు చేసుకోవాలి.

ఈ విషయంలో మన ఆడవారికి తమకు తెలియని బలం ఒకటి ఉంది. బీడీలు చుట్టేవారి పని కార్ఖానాలో రోజూ పరీక్షకు నిలబడుతుంది. కట్టలు విప్పి చూసి, బాగా లేనివి పక్కకు తీసి, లెక్క చెప్తారు. ఆ చూపును ఏళ్లుగా తట్టుకున్నవారికి రెండు నిమిషాల ట్రాక్ పరీక్ష అంతకంటే పెద్దదేమీ కాదు.

తంతు మొత్తం ఇది

మొదటి మెట్టు లెర్నింగ్ లైసెన్సు. దరఖాస్తు, ఫీజు, తేదీ అన్నీ కేంద్ర ప్రభుత్వ సారథి వెబ్‌సైట్‌లోనే. ఆధార్ ద్వారా చేసేవారికి ఈ పరీక్షను ఇంటి నుంచే రాసే వీలు మహారాష్ట్రలో 2021లో వచ్చింది. అలా కుదరనివారు ఆఫీసుకు వెళ్లి కంప్యూటర్ ముందు రాస్తారు. 15 ప్రశ్నలు వస్తాయి, 9 సరిగ్గా చెప్పాలి. ప్రశ్నలు రోడ్డు గుర్తులు, సిగ్నళ్లు, ప్రమాదం జరిగితే డ్రైవర్ చేయవలసిన పని, కాపలా లేని రైల్వే గేటు దగ్గర జాగ్రత్త, బండిలో ఉంచుకోవలసిన కాగితాల గురించి ఉంటాయి. అదే వెబ్‌సైట్‌లో నమూనా పరీక్ష ఉంది. దాన్ని వరుసగా పది సార్లు చేస్తే అసలు పరీక్ష పాత చుట్టంలా కనిపిస్తుంది.

గుర్తులు బట్టీ పట్టనవసరం లేదు. ఆకారం చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఎర్ర అంచు గుండ్రం అయితే నిషేధం లేదా హద్దు. ఎర్ర అంచు త్రికోణం అయితే ముందు జాగ్రత్త. నీలం పలక అయితే దవాఖానా, పెట్రోలు పంపు వంటి సమాచారం.

వయసు 40 దాటినవారు డాక్టరు సంతకంతో ఫారం 1-ఏ ఇవ్వాలి. అంతకంటే చిన్నవారికి సాధారణంగా ఫారం 1లో సొంత ప్రకటన సరిపోతుంది. అందులో ఒక ప్రశ్న చూపు గురించి: పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు కనిపిస్తుందా అని. కళ్లద్దాలతో కనిపించినా చాలు. సన్నని పోగులు, బీడీ ఆకు చూసి చూసి మన వారి కళ్లు అలసి ఉంటాయి. ముందే కళ్లు చూపించుకోండి. సరిగా కనిపించక వచ్చే తడబాటును చాలామంది భయం అనుకుంటారు.

రెండో మెట్టు అభ్యాసం. లెర్నింగ్ లైసెన్సు 6 నెలలు చెల్లుతుంది. అది తీసుకున్న 30 రోజుల తరువాతే పరీక్షకు రానిస్తారు. ఈ కాలంలో బండికి ముందూ వెనుకా తెల్ల పలక మీద ఎర్రటి "ఎల్" అక్షరం ఉండాలి. నేర్పేవారికి లైసెన్సు ఉండాలి. స్కూటర్ వెనుక కూర్చునేది కూడా నేర్పేవారే కావాలి, చంటిపిల్లో చెల్లెలో కారాదు. తలకు హెల్మెట్ తప్పదు.

మూడో మెట్టు అసలు పరీక్ష. బండి మీరే తీసుకుపోవాలి. ఏ రకం బండి మీద పరీక్ష ఇస్తే ఆ రకానికే లైసెన్సు. గేర్లు లేని స్కూటర్ మీద నెగ్గినవారు దానితో గేర్ల మోటారు సైకిల్ నడపరాదు. ద్విచక్రానికి సాధారణంగా ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమంటారు. కారుకు ముందుకూ వెనక్కూ నడిపించి, "హెచ్" అక్షరం లాంటి దారిలో వెనక్కు తీయమంటారు. అద్దం సరిచేసుకోవడం, బయలుదేరే ముందు చుట్టూ చూడడం, సిగ్నల్, మలుపు, ఆపడం, చేతి సైగలు, ఇవన్నీ నిబంధనల్లో రాసి ఉన్న అంశాలే. దాచిపెట్టిన ప్రశ్న ఒక్కటీ లేదు. హైదరాబాద్‌లో ఉండే మన చుట్టాలు నాగోల్ ట్రాక్ మీద ఇచ్చేదీ ఇదే చట్టం కింద పరీక్ష. ఒకచోట తీసుకున్న లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. సిరిసిల్లకు పోయినా, భీవండికి పోయినా మళ్లీ పరీక్ష ఉండదు.

డ్రైవింగ్ స్కూలుకు పోయే కారు అభ్యర్థులకు ఒక మాట. ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రత్యేక డ్రైవర్ శిక్షణ కేంద్రాల్లో కోర్సు పూర్తి చేసినవారికి ఆర్‌టీవో పరీక్ష మినహాయింపు 2021 నుంచి నిబంధనల్లో ఉంది. గల్లీలోని ప్రతి స్కూలుకూ అది వర్తించదు. డబ్బు కట్టే ముందు ఆ గుర్తింపు పత్రం చూపమని అడగండి.

నెల రోజుల అభ్యాసం ఎలా

ఒకటి. ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానానికి పోయి ముగ్గుపిండితో పెద్ద ఎనిమిది వేయండి. ముగ్గు వేసే చేతికి ఇది కష్టం కాదు. ముందు వెడల్పుగా వేసి తిప్పండి. వారం వారం ఆ ముగ్గును ఇరుకు చేస్తూ పోండి. ట్రాక్ కంటే ఇరుకైన ముగ్గులో తిప్పగలిగితే, పరీక్ష రోజు ట్రాక్ వెడల్పుగా కనిపిస్తుంది.

రెండు. మలుపులో ముందు చక్రాన్ని చూడకండి. బండి ఎక్కడికి పోవాలో అక్కడ చూడండి. చూపు ఎటు పోతే బండి అటు పోతుంది. మేము తప్పింది ఇక్కడే. యాక్సిలేటరు సన్నగా పట్టి, వెనుక బ్రేకు కొద్దిగా తాకిస్తూ పోతే బండి నిదానంగా నిలబడి తిరుగుతుంది.

మూడు. చివరి రెండు వారాలు ఒంటరిగా అభ్యాసం చేయకండి. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వారిని పక్కన నిలబెట్టండి. ఒకరు చేతిలో కాగితం పట్టుకుని సాహెబులా ముఖం పెట్టి చూడాలి. మొదట నవ్వు వస్తుంది, తరువాత చేతులు వణుకుతాయి, నాలుగోసారికి ఏమీ అనిపించదు. ఆ నాలుగోసారి కోసమే ఈ ఏర్పాటు.

నాలుగు. ఆజ్ఞలను మరాఠీలో వినండి. ఇక్కడే పుట్టి పెరిగినవారికి ఇది నవ్వులాటగా అనిపించవచ్చు. కాని ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని అక్కలు, అమ్మలు పరీక్షలో తికమకపడేది ఇక్కడే. థాంబా అంటే ఆపు. పుఢే అంటే ముందుకు, మాగే అంటే వెనక్కు. డావీకడే అంటే ఎడమకు, ఉజవీకడే అంటే కుడికి. కంగారులో కుడి ఎడమలు ఎవరికైనా మారిపోతాయి. అన్నం తినే చెయ్యి ఉజవీకడే అని గుర్తు పెట్టుకోండి. మాట వినబడకపోతే "సాహెబ్, పున్హా సాంగా" అని అడగండి. మళ్లీ చెప్పమని అడిగినందుకు మార్కులు పోవు. అర్థం కాకుండా తిప్పితే పోతాయి.

ఐదు. అభ్యాసం చేసిన బండి మీదే పరీక్షకు పోండి. చుట్టాల కొత్త బండి అందంగా ఉండవచ్చు, దాని బ్రేకు మీ చేతికి తెలియదు.

ఒంట్లో ఏం జరుగుతుంది

భయం పుట్టగానే ఒంట్లో అడ్రినలిన్ అనే రసాయనం రక్తంలోకి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరచేతులు చెమట పడతాయి, నోరు ఎండిపోతుంది, మాటిమాటికీ బాత్‌రూముకు పోవాలనిపిస్తుంది. ఇది జబ్బు కాదు. ఒళ్లు పనికి సిద్ధమవుతున్న గుర్తు. కొంత కంగారు మేలు కూడా చేస్తుంది. యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో 1908లోనే ఈ దిశగా చూపారు: ఉత్తేజం మరీ తక్కువైనా పని చెడుతుంది, మరీ ఎక్కువైనా చెడుతుంది, మధ్యస్థంగా ఉంటే బాగా సాగుతుంది. కాబట్టి భయం పూర్తిగా పోయే రోజు కోసం ఆగకండి. అది మీ చేతిలో ఉండేంతకు తగ్గితే చాలు.

తగ్గించడానికి డబ్బు ఖర్చు లేని పద్ధతి ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చండి. ఆరు లెక్కపెడుతూ నిదానంగా వదలండి. వదిలేది పీల్చేదాని కంటే పొడవుగా ఉండాలి. రెండు మూడు నిమిషాలు ఇలా చేస్తే గుండె దడ తగ్గడం మీకే తెలుస్తుంది. దీన్ని కూడా పరీక్ష రోజు మొదలుపెట్టకండి. వారం ముందు నుంచి రాత్రి పడుకునే ముందు అలవాటు చేసుకోండి.

ఇంకొకటి కాగితం మీద రాయడం. 2011లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు, పరీక్షకు ముందు పది నిమిషాల పాటు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థులు మెరుగ్గా రాశారని ప్రచురించారు. అది చదువు పరీక్ష అయినా పద్ధతి మనకూ పనికొస్తుంది. "పడిపోతానేమో, నవ్వుతారేమో, ఆయన తిడతారేమో" అని రాసి చూసుకోండి. లోపల కొండలా అనిపించినవి కాగితం మీద నాలుగు వాక్యాలే అవుతాయి. రాయడం రానివారు ఇంట్లో ఒకరితో పైకి చెప్పుకోండి.

చేయకూడనివి కూడా చెప్పాలి. ఎవరో ఇచ్చిన బీపీ మాత్ర, నిద్ర మాత్ర వేసుకుని పోకండి. గుండె దడ తగ్గించే కొన్ని మాత్రలు ఆస్తమా ఉన్నవారికి ప్రమాదం. తంబాకు దుమ్ముతో మన వాడలో ఉబ్బసం, దగ్గు ఉన్నవారు ఎంతమందో మీకు తెలుసు. ధైర్యం కోసం మిస్రీ, తంబాకు, గుట్కా పెట్టుకోవడం కూడా పనికిరాదు. నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది. మద్యం సంగతి చెప్పనవసరం లేదు, అది నేరం.

ముందు రాత్రి, ఆ ఉదయం

కాగితాలు ముందు రాత్రే ఒక సంచిలో పెట్టండి: లెర్నింగ్ లైసెన్సు, అపాయింట్‌మెంట్ కాగితం, ఆధార్, బండి ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ పత్రం. హెల్మెట్, కళ్లద్దాలు పక్కనే ఉంచండి. బండిలో పెట్రోలు, టైర్లలో గాలి, ఇండికేటరు, బ్రేకు లైటు చూసుకోండి. ఉదయం కాగితం వెతుక్కోవడంతో మొదలైన కంగారు ట్రాక్ దాకా వెంట వస్తుంది.

ఆ రాత్రి చుట్టాల్సిన బీడీలు మిగిలిపోతే మిగలనివ్వండి. ఒక రోజు కూలి తగ్గినా పరవాలేదు, నిద్ర తగ్గకూడదు. రాత్రి పాళీ మగ్గం నడిపి పొద్దున్నే నేరుగా పరీక్షకు పోయే తమ్ముళ్లు తేదీనే మార్చుకోవడం మంచిది.

ఉదయం ఉత్త కడుపుతో పోకండి. రెండు జొన్న రొట్టెలో ఉప్మానో తినండి. షుగర్ మందులు వాడేవారు భోజనం అసలు దాటవేయకూడదు, తక్కువ షుగర్ వల్ల కూడా చేతులు వణుకుతాయి. టీ ఒక కప్పుతో ఆపండి. చీర కట్టుకునేవారు కొంగు దోపుకోండి, ఓణీ అంచులు చక్రంలో పడకుండా ముడి వేసుకోండి. కాలికి జారని చెప్పులు లేదా బూట్లు ఉండాలి.

సమయానికి అరగంట ముందు చేరండి. వరుసలో "ఈ సాహెబు చాలా కఠినం" అని కథలు చెప్పేవారు ఉంటారు. వారికి దూరంగా నిలబడండి. ముందు వెళ్లినవారు తప్పితే అది మీ మీద పడిన శకునం కాదు.

ట్రాక్ మీద

బండి ఎక్కాక తొందరపడకండి. అద్దం సరిచేసుకోండి, హెల్మెట్ పట్టీ బిగించండి, కారైతే సీటు బెల్టు పెట్టుకోండి, భుజం మీదుగా వెనక్కు ఒకసారి చూడండి. ఇవి పరీక్షలో భాగమే, ఈలోపు ఊపిరి కూడా కుదుటపడుతుంది. ఒక పొడవైన ఊపిరి వదిలాక బయలుదేరండి.

ఒక పని తరువాత ఒక పని మీదే మనసు పెట్టండి. ఇప్పుడు ఈ మలుపు, తరువాత ఆ మలుపు. చిన్న తప్పు జరిగితే ఆగి ఆయన ముఖం చూడకండి. ఇంజను ఆగిపోతే బ్రేకు పట్టి, మళ్లీ స్టార్టు చేసి ముందుకు పోండి. చాలామంది ఓడేది మొదటి తప్పుతో కాదు, దాని గురించి ఆలోచిస్తూ చేసిన రెండో తప్పుతో.

తప్పితే

తప్పినవారు 7 రోజుల తరువాత మళ్లీ పరీక్షకు రావచ్చు. మూడుసార్లు వరుసగా తప్పితే ఆఖరి పరీక్ష నుంచి 60 రోజులు ఆగాలి. లెర్నింగ్ లైసెన్సు గడువు 6 నెలలే కాబట్టి మొదటి పరీక్షను ఐదో నెల దాకా లాగకండి. రెండో నెలలో పెట్టుకుంటే తప్పినా మళ్లీ ప్రయత్నించడానికి సమయం ఉంటుంది. ఈ ఒక్క జాగ్రత్తతోనే సగం భయం తగ్గుతుంది, ఎందుకంటే అది ఆఖరి అవకాశం కాదని మనసుకు తెలుస్తుంది.

బ్రిటన్‌లో డ్రైవింగ్ పరీక్ష 1935 నుంచి తప్పనిసరి. అన్ని ఏళ్ల అనుభవం ఉన్న ఆ దేశంలో నేటికీ కారు పరీక్షకు కూర్చున్నవారిలో దాదాపు సగం మందే ఆ పూట నెగ్గుతారు. తప్పడం మన వాడకో మన చదువుకో సంబంధించినది కాదు.

మగ్గం మీద పోగు తెగితే మనం చీర మొత్తం పారేయము. మగ్గం ఆపి, తెగిన చోటు వెతికి, ముడి వేసి మళ్లీ నడుపుతాము. ఎక్కడ తప్పారో ఆ రోజే రాసి పెట్టుకోండి. కాలు పెట్టారా, సిగ్నల్ మరిచారా, మాట అర్థం కాలేదా అన్నది తెలిస్తే ఆ ఏడు రోజులు ఆ ఒక్కదాని మీదే పని చేయవచ్చు. మేము రెండోసారి వెళ్లినప్పుడు చక్రం వైపు చూడలేదు. నెగ్గాము.

ఇంట్లోవారికి ఒక మాట

పరీక్షకు పోయేది ఒకరే అయినా భయం పెంచేదీ తగ్గించేదీ ఇల్లే. "ఈసారి తప్పితే పరువు పోతది" అనకండి. "నీకెందుకే ఈ వయసులో బండి" అని కోడలినో అత్తనో ఎగతాళి చేయకండి. వాడంతా ముందే చాటింపు వేయకండి. తేదీ తెలిసినవారు తక్కువైతే తిరిగి వచ్చాక జవాబు చెప్పవలసినవారూ తక్కువే. తోడు పోయేవారు ట్రాక్ అంచున నిలబడి కేకలు వేయకుండా కనిపించనంత దూరంలో కూర్చోండి. తిరిగి వచ్చాక ముందు నీళ్లు ఇవ్వండి, ఫలితం వారే చెప్తారు.

గత సంవత్సరం యాభై దాటిన ఒక అక్క మా ఆఫీసులో ఫారం నింపించుకుంది. మనవడిని బడికి దించి రావడానికి స్కూటర్ నేర్చుకుంది. రెండుసార్లు తప్పింది. మూడోసారి పోయే ముందు రోజు వచ్చి, "కాకా, ఇన్నేండ్లు నా బీడీలు ఏరి పక్కన పెట్టినా ఏడ్వలేదు, దీనికెందుకు ఏడుస్తున్న?" అని తనే నవ్వింది. మరుసటి రోజు నెగ్గింది. ఇప్పుడు ఆ మైదానంలో ఆదివారం ముగ్గుపిండితో ఎనిమిది వేసేది ఆమే, సాహెబులా కాగితం పట్టుకుని నిలబడేదీ ఆమే.

ఫారాలు నింపడంలో, సారథి వెబ్‌సైట్‌లో నమూనా పరీక్ష చేయించడంలో సాయం కావలసినవారు సాయంత్రం పూట మా సంఘం ఆఫీసుకు రండి. దీనికి రుసుము లేదు. వచ్చేటప్పుడు ఆధార్, ఫోను వెంట తెచ్చుకోండి. తేదీ తీసుకోవడానికి మాత్రం ఇంకో పండగ దాకా ఆగకండి.